సంతకం నాదే
ప్రయోగశాలల్లో రక్షణ ఎవరికి?

(రేణిగుంటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ ఉద్యోగం గురించి చెప్పండి చాలు" అని నన్ను పిలిచిన మిత్రులు అన్నారు. నా ఉద్యోగమేమిటో మా ఇంట్లోనే ఎవరికీ సరిగా తెలీదు. నేను ఈ ఊరి పిల్లనే. మా నాన్న ఇక్కడ రైల్వేలో పనిచేశారు. తిరుపతిలో కెమిస్ట్రీ చదివి, పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయంలో పర్యావరణ, ఆరోగ్య, రక్షణ విభాగంలో చేరాను. "అక్కడేం చేస్తావే?" అని మా అమ్మ అడిగితే "సీసాలు లెక్కపెడతాను" అని చెప్పేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెప్తే ఆ ఒక్క చోటే అలా జరుగుతుందనుకుని మనమంతా నిశ్చింతగా ఇంటికి పోతాం.

ఈ విషయం రేణిగుంటలో ఎందుకు అని మీకు అనిపించొచ్చు. ఇక్కడి నుంచి శ్రీకాళహస్తి రోడ్డులో పోతే ఏర్పేడు వస్తుంది. 2015లో మొదలైన ఐ.ఐ.టి., ఐసర్ రెండూ ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఇటు తిరుపతిలో 1954 నుంచి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. మన పిల్లలు ఇలాంటి చోట్లకు చదువుకోను పోతారు. మన పల్లెల ఆడవాళ్ళు ఊడ్చను, తుడవను పోతారు. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి మాట్లాడటం మనకు అలవాటే. విశ్వవిద్యాలయం గేటు దగ్గర మాత్రం "లోపలంతా చదువుకున్నవాళ్ళే కదా, వాళ్ళకు తెలియదా" అని ఆగిపోతాం.

వాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. జరిగింది మాత్రం ఇది.

ఒక రోజు సాయంత్రం ఒక పరిశోధక విద్యార్థి గాజు సామాను కడిగి, మిగిలిన నైట్రిక్ యాసిడ్‌ను వ్యర్థాల సీసాలో పోశాడు. అందులో అంతకుముందే కొంచెం ఆల్కహాలు ఉంది. ఆ రెండూ కలిస్తే వేడి పుడుతుంది, గ్యాసు పుడుతుంది. అతను మూత గట్టిగా బిగించి, సీసాను సింకు పక్కన పెట్టి టీకి వెళ్ళాడు. అప్పుడే నేల తుడవడానికి ఒకామె వచ్చింది. మదనపల్లె వైపు నుంచి వలస పోయిన మనిషి. కాంట్రాక్టు మీద హౌస్‌కీపింగ్ పని. ఆమె వంగి నేల తుడుస్తుండగా సీసా పేలింది. ముఖం, మెడ, కుడి చెయ్యి కాలాయి. ఎడమ కంట్లో యాసిడ్ పడింది.

కంట్లో యాసిడ్ పడితే ఆ క్షణం నుంచి కనీసం పదిహేను నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. అందుకోసం ల్యాబులో కళ్ళు కడుక్కునే కొళాయి ఉంది. దాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అది కొళాయి అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, గోడ పట్టుకుని, వరండా చివర బాత్రూం దాకా నడిచింది.

మరుసటి రోజు ప్రమాదం రిపోర్టు రాయాల్సింది నేను. అందులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. "కార్మికురాలి అజాగ్రత్త, చేతికి గ్లవ్స్ ధరించలేదు" అని రాశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. పై నెలలో తనిఖీ ఉంది, ఇలా రాస్తే ఫైలు త్వరగా మూసేయొచ్చని ఒక పెద్దాయన మెల్లగా అన్నారు. అంతే. కింద సంతకం నాదే.

పది రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె నన్ను అడిగింది: "సీసా నేను ముట్టనే లేదమ్మా. నేల తుడస్తా ఉండాను. దాని మింద ఇంగ్లీసులో ఏం రాసుండాదో నాకేం తెల్సు? అజాగ్రత్త నేను యాడ చేసినా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను.

ముందు మా పని ఎలా ఉంటుందో చెప్తాను. ప్రమాదకర వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 2016 నాటి నియమాల ప్రకారం వాటిని 90 రోజులకు మించి మామూలుగా నిల్వ ఉంచకూడదు. రక్తం, కణజాలం వంటి జీవవైద్య వ్యర్థాలు శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉండకూడదు. వాటికి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల ఏర్పాటు ఉంది. రేడియోధార్మిక పదార్థాలకు అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు, ఒక రేడియేషన్ రక్షణాధికారి కావాలి. జన్యుమార్పిడి పరిశోధనలకు సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రిజిస్టరు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ రిజిస్టర్లు చూస్తారు. మా విభాగం బాగా పనిచేస్తోందా అంటే, రిజిస్టర్లు నిండి ఉంటే బాగా పనిచేస్తున్నట్టే.

ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేను ఆ రిజిస్టర్లన్నీ తిరగేశాను. సీసాలన్నిటికీ లెక్క ఉంది. ఆమెకు లెక్క లేదు. రక్షణ శిక్షణ పొందినవాళ్ళ జాబితాలో అధ్యాపకులు, టెక్నీషియన్లు, విద్యార్థులు ఉన్నారు. రోజూ ఆ గదులన్నిటిలోకీ వెళ్ళేవాళ్ళు ఊడ్చే ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు మాత్రం కాంట్రాక్టరు దగ్గర ఉంటాయన్నారు. కాంట్రాక్టరును అడిగితే ఆమెకు ఈ.ఎస్.ఐ. కార్డే ఇవ్వలేదని తేలింది. జీతంలో కోత మాత్రం నెలనెలా పడుతోంది. కాంట్రాక్టు కార్మికులకైనా సరే, ఆ చందా జమ అయ్యేలా చూడాల్సిన బాధ్యత పని చేయించుకునే ప్రధాన యజమానికి ఉంది. మా ఆఫీసులో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఎవరు లెక్కలో ఉన్నారన్నదాన్ని బట్టే న్యాయం నడుస్తుందని చెప్పడానికి రెండు ఉదాహరణలు చెప్తాను.

2008 డిసెంబర్ 29న అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షెరి సంగ్జీ అనే 23 ఏళ్ళ అమ్మాయి, గాలి తగిలితే మండే ఒక రసాయనంతో పనిచేస్తోంది. సిరంజి ఊడి మంటలు లేచాయి. ఒంటిమీద సింథటిక్ స్వెట్టరు ఉంది, ల్యాబు కోటు లేదు. 18 రోజులకు చనిపోయింది. ఆమె విద్యార్థిని కాదు, జీతం తీసుకునే పరిశోధన సహాయకురాలు. అందువల్లే రాష్ట్ర కార్మిక రక్షణ శాఖ కలుగజేసుకోగలిగింది. సుమారు 32 వేల డాలర్ల జరిమానా వేసింది. 2011లో విశ్వవిద్యాలయం మీద, ప్రొఫెసర్ మీద క్రిమినల్ కేసు కూడా పెట్టారు. అదే పని విద్యార్థినిగా చేస్తూ చనిపోయి ఉంటే ఆ శాఖకు ఆ దారి ఉండేది కాదు. మన దగ్గరా అంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వస్తువులు తయారుచేసే చోట్ల కోసం వచ్చింది. పరిశోధన చేసే విద్యార్థిని కార్మికురాలిగా ఏ చట్టమూ సూటిగా చూడలేదు.

రెండోది మన దేశంలోనే. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కోబాల్ట్-60 ఉన్న ఒక గామా యంత్రం 1985 తర్వాత వాడకుండా మూలన పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో దాన్ని పాత సామానుతో కలిపి వేలంలో అమ్మేశారు. మాయాపురి తుక్కు బజారులో కార్మికులు దాన్ని విప్పారు. లోపల మెరుస్తున్నది ఏమిటో వాళ్ళకెలా తెలుస్తుంది? ఏప్రిల్ నాటికి ఒక్కొక్కరే ఆసుపత్రి పాలయ్యారు. ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ యంత్రం ఉన్న గదిలోకి ఆ మనిషి ఎన్నడూ అడుగు పెట్టి ఉండడు. విశ్వవిద్యాలయం ప్రమాదం గోడ దాటి మన దాకా వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక "అజాగ్రత్త" అన్న మాట. 1996 ఆగస్టులో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. ఆమె అప్పటి నియమాలన్నీ పాటించింది. రబ్బరు గ్లవ్ వేసుకుంది. ఆ విషం రబ్బరును క్షణాల్లో దాటుతుందని అప్పటిదాకా తెలీదు. 1997 జూన్‌లో చనిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను అజాగ్రత్త మనిషి అనలేదు. "గ్లవ్‌లో లోపమేమిటి?" అని అడిగారు. ప్రపంచమంతటా ఆ రసాయనం వాడే పద్ధతి మారింది. ప్రొఫెసర్‌కు ప్రమాదం జరిగితే గ్లవ్‌ను ప్రశ్నించారు. ఊడ్చే మనిషికి జరిగితే నేను ఆ మనిషినే ప్రశ్నించాను. ఈ తేడా శాస్త్రానిది కాదు, వర్గానిది, కులానిది, ఆడతనానిది.

చదువుకున్న ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఒక పరిశోధక విద్యార్థిని అయిదో నెల దాకా తన గర్భం సంగతి దాచింది. ఆమె వాడే రసాయనాల్లో ఫార్మమైడ్ ఒకటి. అది పిండానికి హాని చేసేది. "చెప్తే ప్రాజెక్టు నుంచి తీసేస్తారు మేడమ్" అని ఏడ్చింది. నియమాలు లేక కాదు. రేడియేషన్‌తో పనిచేసే స్త్రీ గర్భవతి అని చెప్పాక, మిగిలిన నెలల్లో పిండానికి ఒక మిల్లీసీవర్ట్ మించి సోకకూడదు. పిహెచ్.డి. చేసే స్త్రీలకు 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చని యు.జి.సి. 2016లోనే చెప్పింది. అయితే ఈ నియమాలన్నీ ఆమె నోరు తెరిచాకే మొదలవుతాయి. నోరు తెరిస్తే చదువు పోతుందన్న భయం ఉన్న చోట నియమం కాగితం మీదే ఉంటుంది.

ఇంకొకటి. రాత్రిపూట ల్యాబులో ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు అన్నది మంచి నియమం. మా దగ్గర అది "రాత్రి ఎనిమిది తర్వాత అమ్మాయిలకు ల్యాబు లేదు" అని మారింది. మగపిల్లలు ఒంటరిగా పనిచేయొచ్చట! వాళ్ళకు మంటలు అంటుకోవా? రక్షణ పేరుతో ఆడవాళ్ళను బయటికి పంపడం మనకు కొత్త కాదు. ల్యాబులో ఇద్దరుండాలి, వరండాలో దీపముండాలి, హాస్టలుకు బండి ఉండాలి. తలుపుకు తాళం వేయడం రక్షణ కాదు.

ఆ రిపోర్టు సంగతి ముగిస్తాను. నేను రాసింది తప్పని, అసలు కారణాలు ఇవీ అని నేనే మళ్ళీ రాసి పంపాను. పొసగని రసాయనాలు ఒకే సీసాలో కలపడం, బిగించిన మూత, అడ్డంగా పేర్చిన పెట్టెలు, ఇవ్వని శిక్షణ. నా మీద చాలామందికి కోపం వచ్చింది. దాదాపు ఏడాది తిరిగాక ఆ గడిలో మాట మారింది. ఈ.ఎస్.ఐ. బకాయిలు కట్టారు. ఆమెకు ఎడమ కంటి చూపు రాలేదు. ఊరికి వెళ్ళిపోయింది. మాట మారినందుకు ఏమొచ్చిందని మీరు అడగొచ్చు. "అజాగ్రత్త" అని ఉన్నంతకాలం పరిహారం అడిగితే ఆ కాగితమే ఆమెకు ఎదురు తిరుగుతుంది. పైగా, ఆమెదే తప్పయితే ల్యాబులో మార్చాల్సింది ఏమీ ఉండదు.

మన సంఘాలు చేయగలిగిన పనులు చెప్తాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. గత అయిదేళ్ళ ప్రమాదాల రిజిస్టరు అడగండి. "కారణం" గడిలో ఏం రాశారో చదవండి. వ్యర్థాల అనుమతి ఉందా, ఎప్పటిదాకా ఉందో అడగండి. రక్షణ శిక్షణ జాబితాలో కాంట్రాక్టు కార్మికులు ఎంతమందో అడగండి. అంకె సున్నా అయితే పత్రికకు ఇవ్వండి.

శిక్షణ తెలుగులో ఉండాలి, పనివేళల్లోనే జీతంతో ఉండాలి. చదవలేనివాళ్ళకు బొమ్మల గుర్తులు నేర్పాలి. "ఈ గది ఇవాళ ఊడ్చను, ఇక్కడ ప్రమాదముంది" అని చెప్పే హక్కు ఊడ్చే మనిషికి ఉండాలి, ఆ రోజు కూలి పోకూడదు. రక్షణ కమిటీలో ప్రొఫెసర్లతో పాటు ఒక కాంట్రాక్టు కార్మికురాలు, ఒక విద్యార్థిని కూర్చోవాలి. లైంగిక వేధింపుల మీద కమిటీలు మనం పోరాడకపోతే వచ్చేవి కావు. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. ఇదీ అలాగే రావాలి.

చివరగా నాలాంటి ఉద్యోగినులకు ఒక మాట. మనం చిన్న గడుల్లో చిన్న మాటలు రాస్తుంటాం. అవి ఒకరి బతుకును అటో ఇటో తిప్పుతాయి. సంతకం పెట్టే ముందు ఆ మనిషిని ఒక్కసారి వెళ్ళి అడగండి. నేను పది రోజులు ఆలస్యంగా వెళ్ళాను.