కాంక్రీటు పోయకముందే

పట్టాలు అందుకుంటున్న యువ ఇంజనీర్లారా, ఈ రోజు మీ ముందు ఒక్క మాట ఉంచుతాను. ఒక భవనం ఎంత ఇంధనం తాగుతుందన్నది యంత్రాలు కొన్నాక తేలే విషయం కాదు. అందులో చాలా భాగం కాంక్రీటు పోయకముందే, నక్షా దగ్గరే తేలిపోతుంది.

నేలను వెచ్చబరిచే పద్ధతే ఇందుకు సాక్ష్యం. కొరియా ఓండోల్ ఇళ్లలో పొయ్యి నుంచి వచ్చే వేడి పొగ నేలబండల కిందుగా సాగి గదిని వెచ్చగా ఉంచేది. కశ్మీరు హమామ్‌లలో రాతిపలకల కింద కట్టెలు మండిస్తారు. నేడు చలిదేశాల కొత్త భవనాల్లో మంటకు బదులు నేలలోని ప్లాస్టిక్ పైపుల్లో గోరువెచ్చని నీరు తిరుగుతోంది. యూరప్ ప్రమాణాల ప్రకారం మనుషులు మసిలే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదు. గది 20 డిగ్రీల్లో ఉంటే, ఆ 9 డిగ్రీల తేడాతోనే చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల వేడి అందుతుంది. నేలంతా వేడినిస్తుంది కనుక పాత రేడియేటర్లకు 60, 70 డిగ్రీల నీరు కావలసిన చోట దీనికి 35 నుంచి 45 డిగ్రీలు చాలు. నీటి ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఆ నీటిని వేడిచేసే హీట్ పంపుకు కరెంటూ తగ్గుతుంది. కానీ పైపుల కింద ఇన్సులేషన్ లేకపోయినా, కిటికీలు వేడిని వదిలేసినా ఈ లాభమంతా పోతుంది. అందుకే ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్, మెకానికల్ ఇంజనీర్లు మొదటి రోజు నుంచే కలిసి కూర్చోవాలి.

మన ఎండలకు ఇదెందుకని అడగవచ్చు. సూత్రం అదే, చల్లబరచడానికీ పనికొస్తుంది. హైదరాబాదు పోచారంలో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని రెండు సమభాగాలుగా కట్టి, ఒక సగానికి మామూలు ఏసీ, మరో సగానికి శ్లాబు పైపుల్లో చల్లనీరు తిప్పే పద్ధతి పెట్టి, రెండింటి కరెంటునూ కొలిచింది. శ్లాబు సగానికి సుమారు మూడో వంతు తక్కువ ఖర్చయింది. అయితే శ్లాబుకు చెమ్మ పట్టకుండా గాలిలోని తేమను విడిగా తీయాలి. అదీ ముందే వేసుకోవలసిన లెక్కే.

పూడ్చిన పైపు కారితే ఎలా అన్నది న్యాయమైన భయం. అందుకే శ్లాబు లోపల అతుకులు లేకుండా ఒకే పైపు పరుస్తారు, కాంక్రీటు పోసే ముందు ప్రెషర్ టెస్ట్ చేసి, పోస్తున్నప్పుడూ ఒత్తిడి నిలిపి ఉంచుతారు. ఆ పరీక్షను తొందరలో ఎవరు దాటవేయబోయినా మీరు అడ్డుపడాలి. శ్లాబు నెమ్మదిగా వేడెక్కుతుందన్నదీ నిజమే. ఎప్పుడో ఒకసారి తెరిచే సభామందిరానికి ఈ పద్ధతి నప్పదు, రాత్రీపగలూ మనుషులుండే ఆసుపత్రికీ హాస్టలుకూ నప్పుతుంది. ఎక్కడ వద్దో చెప్పగలగడం కూడా ఇంజనీరు పనే.

మీలో కొందరు హైదరాబాదులో, కొందరు జర్మనీలో, కెనడాలో పనిచేస్తారు. ఎక్కడున్నా నక్షా దశలోనే ప్రశ్నలు అడగండి, కట్టాక కొలిచి చూడండి. భవనం అప్పగించి మనం వెళ్లిపోతాం, దశాబ్దాల పాటు బిల్లులు కట్టేది అందులో ఉండేవాళ్లు. నిర్ణయాలు జరిగే గదిలో వారు ఉండరు కనుక వారి తరఫున మాట్లాడవలసింది మీరే.