వదలని ఆలోచన

 

నన్ను ఉద్యోగ అనుభవాలు చెప్పమన్నారు. సబ్‌స్టేషన్ల గురించి పది నిమిషాలు చెబితే మీ చూపులన్నీ భోజనాల వైపు వెళతాయని నాకు తెలుసు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో షుగర్, బీపీ, స్టెంట్ల గురించి దాపరికం లేకుండా చెప్పుకుంటాం. మనసు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు. ఇవాళ నేను ఎత్తుతాను.

లైను మీద పని చేయాలంటే ముందు ఎల్.సి. తీసుకోవాలి. సప్లయ్ ఆపి, ఎర్త్ వేసి, అప్పుడు పైకి ఎక్కుతారు. పనయ్యాక ఎర్త్ తీసి, అందరూ కిందికి దిగారని చూసుకుని ఎల్.సి. వాపసు ఇస్తేనే లైను ఛార్జ్ చేస్తాం. అన్నిటికీ రిజిస్టర్లో సంతకాలుంటాయి. నలభై దాటాక నన్నొక ఆలోచన పట్టుకుంది. ఇంటికొచ్చి పడుకుంటానా, ఎవరో ఒకరు ఇంకా పైనే ఉండిపోయారేమో అనిపిస్తుంది. లైను ఛార్జయి మూడు గంటలైందని బుర్రకు తెలుసు. అయినా కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తాను. "అందరూ దిగారు సార్" అంటాడు ఆపరేటర్. పది నిమిషాలు హాయి. మళ్లీ ఫోను. ఒకరోజు రాత్రి రెండింటికి బండి తీసి, వెళ్లి రిజిస్టర్లో సంతకాలు లెక్కపెట్టుకుని వచ్చాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. "రేపు డాక్టరు దగ్గరికి వెళదాం" అంది, అంతే.

"అలాంటివి తలచుకోకు" అని చెప్పినవాళ్లు చాలామంది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి, తలపుకొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత తలచుకోవచ్చని చెబితే, మొదటి నుంచీ తలచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువగా గుర్తొచ్చింది. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న మాట మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే, ఆయన దానికి లెక్క కట్టాడు.

డాక్టరు గారు దీన్ని ఓసీడీ అన్నారు. ఇలాంటి పాడు ఆలోచనలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ వస్తాయని 1978లోనే రాచ్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు చూపించారట. "ఆలోచనతో చిక్కు లేదండీ. దానికి జవాబుగా మీరు చేసే ఫోనే దాన్ని పెంచుతోంది" అన్నారు. అది మాత్రం నాకు చప్పున అర్థమైంది. ఇందాక మన మైకు కీచుమని అరిచింది చూశారా? స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళితే అంతే. దాని మీద మనం అరిస్తే తగ్గదు. ఆ చుట్టు తెంచాలి.

తెంచడం ఎలాగంటే, ఫోను పావుగంట వాయిదా వేయడం. తర్వాత అరగంట. తర్వాత అసలు చేయకపోవడం. భయాన్ని ఎదుర్కుంటూనే, అలవాటైన పని చేయకుండా ఉండే ఈ చికిత్సకు 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ దారి వేశాడు. వినడానికి తేలికే. మొదటి వారం ఒళ్లంతా చెమటలు, గుండె దడ. ఆపరేటర్‌కు ముందే చెప్పి ఉంచాను. ఫోన్ చేస్తే, "డాక్టరు గారు చెప్పొద్దన్నారు కదా సార్" అనేవాడు. ఆ రోజుల్లో అతని మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు! సైటు దగ్గర పద్ధతి ప్రకారం చేసే చెకింగు మాత్రం రవ్వంత కూడా తగ్గించలేదు. అది ఉద్యోగం, రాత్రి రెండింటికి చేసేది జబ్బు.

మాత్రలు కూడా వాడాను. ఈ జబ్బులో మాత్రల గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. రెండు వారాలకే పని చేయలేదని మానేస్తే, గాబరాలో బ్రేకర్ కట్టేసి మోటారు తిరగలేదన్నట్టే.

ఇక్కడున్న మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఇది చాలామందికి చిన్నతనంలోనో, టీనేజీలోనో మొదలవుతుంది. కాగితం చిరిగేదాకా చెరిపి రాసే పిల్లాణ్ణి, చేతులు కడుక్కుని ఎంతకీ క్లాసుకు రాని పిల్లను తిట్టకండి, తల్లిదండ్రులను పిలిచి మెల్లగా చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

గాలివాన రాత్రుల్లో ఆ ఆలోచన ఇప్పటికీ ఒక్కోసారి వస్తుంది. వస్తే రానిచ్చి పక్కకు తిరిగి పడుకుంటాను. ఫోను వేరే గదిలో ఉంటుంది. ఎవరైనా విడిగా మాట్లాడాలనుకుంటే సాయంత్రం దాకా ఇక్కడే, వేపచెట్టు కింద ఉంటాను.