దూరం ఎత్తులో ఉంది

వైర్‌లెస్ సెట్ మాట దూరం పోకపోతే, ఎక్కువ వాట్ల సెట్ కొనాలనే చాలామందికి తోస్తుంది. రేడియో చరిత్ర మాత్రం మొదటినుంచీ ఏరియల్ వైపే వేలు చూపిస్తోంది.

1895లో ఇటలీలో మార్కోనీ ఏరియల్‌ను పైకెత్తి, రెండో కొసను భూమికి కలిపాకే సంకేతం కొండ అవతలికి చేరింది. 1901 డిసెంబర్ 12న న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మూడు మోర్స్ చుక్కలు విన్నానన్నాడు. ఆ మాటను శంకించేవాళ్లు నేటికీ ఉన్నారు. ఎత్తు విలువను మాత్రం ఎవరూ కాదనలేదు.

1933లో అమెరికాలోని బయోన్ పట్టణ పోలీసు కార్లలో ఇరువైపులా మాట్లాడే రేడియో వచ్చింది. ఈనాటి పోలీసు సెట్లు, హామ్‌ల (అభిరుచిగా రేడియో నడిపేవాళ్ల) సెట్లు ఎక్కువగా వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. నేల వంపు అడ్డుపడుతుంది. 9 మీటర్ల ఎత్తున్న ఏరియల్‌కు సుమారు 12 కిలోమీటర్ల చూపు. 36 మీటర్లకు ఎత్తితే 25. అటువైపు ఏరియల్ ఎత్తు కూడా దీనికి కలిసొస్తుంది. వాట్లు పెంచితే నేల వంపు తగ్గదు కదా!

ఎత్తు తర్వాత దిక్కు. 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో షింతారో ఊదా, హిదెత్సుగు యాగీ శక్తిని ఒకే దిక్కుకు మళ్లించే ఏరియల్‌ను లోకానికి చూపారు. ప్రయోగాల్లో కష్టం ఎక్కువగా ఊదాది, లోకంలో నిలిచిన పేరు యాగీది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. దూరదర్శన్ రోజుల్లో మన డాబాల మీద చేపముల్లులా నిలిచినవి ఇవే. మూడు పుల్లలది పెట్టినా, గురిపెట్టిన దిక్కున శక్తి సుమారు మూడింతలైనట్టే. పైగా వినడం కూడా మెరుగవుతుంది. వాట్లు పెంచితే మన మాట అటు చేరుతుంది, అవతలివాళ్ల మాట మనకు చేరొద్దూ?

ఇక కేబుల్. 1929లో ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ పేటెంట్ కోరిన కోయాక్సియల్ కేబుల్ లేకుండా నేటి స్టేషన్ లేదు. కానీ సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వేస్తే, 145 మెగాహెర్ట్జ్ దగ్గర సగం శక్తి దారిలోనే వేడిగా పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే నాలుగో వంతు పోతుంది. కనెక్టర్‌లోకి వాననీళ్లు దిగితే ఏ కేబుల్ అయినా చెడుతుంది. టేపు గట్టిగా చుట్టండి.

2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టి సెల్‌ఫోన్లు మూగబోయినప్పుడు హామ్‌లు అక్కడ పనిచేశారు. అలాంటి వేళ కరెంటు ఉండదు, బ్యాటరీయే దిక్కు. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. 5 వాట్లది 2 ఆంపియర్లలోపే. అందుకే ముందు స్తంభం, తర్వాత కేబుల్, ఇంకా డబ్బు మిగిలితేనే వాట్లు.