మందుతో పాటు ఒక పేజీ

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

ఈ రోజు స్కిజోఫ్రీనియా గురించి నాలుగు మాటలు చెబుతాను. ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు తలపెడుతున్నారని నమ్మడం, నలుగురిలో కలవకపోవడం దీని లక్షణాలు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందికి మీ వయసులోనే మొదలవుతుంది. గాలి సోకిందనీ, చేతబడనీ రోజులు గడపకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులే ముఖ్యం. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.

మందులకు తోడుగా పుస్తకం సాయపడుతుంది. ఈ జబ్బులో ధ్యాస నిలవదు, చదివింది గుర్తుండదు. అందుకే చిన్న కథ తీసుకోండి. పది నిమిషాలు చాలు. హాస్టల్లో చిన్నపిల్లలతో చేసినట్టే ఒక పేరా మీరు, ఒక పేరా వాళ్లు పైకి చదవండి. చదువు రానివారికి మీరే చదివి మన భాషలో చెప్పండి. భయపెట్టే కథలు వద్దు. పరీక్షలా ప్రశ్నలు వేయకండి, ఎలా అనిపించిందని అడగండి. వద్దంటే ఆపేసి, రేపు మళ్లీ కూర్చోండి.

పుస్తకం జబ్బును నయం చేయదు. కానీ ఊరంతా దూరం పెట్టిన మనిషి పక్కన రోజూ ఒకరు కూర్చోవడం చిన్న సంగతి కాదు. మన గూడేల్లో ఆ పని చదువుకున్న మీరే చేయాలి.

సలహా కావాలంటే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.