గేదె వచ్చింది, కోడలు వచ్చింది

 

తెలుగు భాషా దినోత్సవం నాడు, గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, "ఇంగ్లీషు భాషలో లింగవివక్ష" అని నాకు అంశం ఇచ్చారు. ఇచ్చినదాన్ని కాదనను గానీ, దాన్ని పది నిమిషాల్లో ముగించి మన ఇంటికి వచ్చేస్తాను. పరాయి భాషలో వంకలు మనకు ఇట్టే కనపడతాయి. దాన్ని మనం పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నాం గదా, ప్రతి మాటా కొంచెం దూరంగా పెట్టి చూస్తాం. సొంత భాషకు ఆ దూరం ఉండదు.

ఇంగ్లీషువాళ్ళ కథ క్లుప్తంగా ఇది. 1746లో జాన్ కర్క్‌బీ అనే వ్యాకరణకర్త, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసిన మాట వచ్చినచోట మగ సర్వనామం వాడితే చాలు, అందులో అందరూ ఇమిడిపోతారని సూత్రం పెట్టాడు. నూరేళ్ళు గడిచాక, 1850లో, బ్రిటిష్ పార్లమెంటు అదే మాటను చట్టం చేసేసింది. అక్కణ్ణుంచి మనకూ వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 8వ సెక్షన్, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 13వ సెక్షన్ చెప్పేదదే: మగవాణ్ణి సూచించే మాటలో ఆడది కూడా ఉన్నట్టే లెక్క. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ లెక్కలోకి ట్రాన్స్‌జెండర్లను కూడా చేర్చుకుంది గానీ, సర్వనామం మాత్రం మగదే. రాజ్యాంగంలో రాష్ట్రపతి గురించి రాసిన అధికరణాలు తిరగేయండి, అక్కడా అంతే.

1970ల్లో ఇంగ్లీషు దేశాల ఆడవాళ్ళు దీని మీద తిరగబడ్డారు. ఛైర్మన్‌ను ఛైర్‌పర్సన్ చేశారు. పెళ్ళయిందో లేదో పేరు ముందే ఊరందరికీ చెప్పే మిస్, మిసెస్ బదులు మిజ్ తెచ్చారు. న్యూయార్క్ టైమ్స్ ఆ మాటను ఒప్పుకోడానికి 1986 దాకా పట్టింది. క్రికెట్ నియమాలు చూసే ఎమ్‌సీసీ 2021లో బ్యాట్స్‌మన్‌ను బ్యాటర్ అంది. మన తెలుగు పేపర్లు ఆ ఒక్కటీ వెంటనే అందుకున్నాయి. ఆటల పేజీకి సిద్ధాంతాలతో పనిలేదు, కొత్త మాట దొరికితే చాలు! 2023 ఆగస్టులో మన సుప్రీంకోర్టు కూడా న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం వేసింది, తీర్పుల్లో ఏ మాటలు రాయకూడదో, వాటి బదులు ఏవి రాయాలో చెబుతూ.

ఇంగ్లీషు సంగతి అయింది. ఇప్పుడు అసలు విషయం.

ఇంగ్లీషులో "డాక్టరు వచ్చిన" కబురు చెప్పడానికి ఆ డాక్టరు ఆడో మగో తెలియనక్కరలేదు. క్రియకు ఆ పట్టింపు లేదు. తెలుగులో కుదరదు. నోరు తెరిచాక వాక్యం చివర తేల్చి తీరాలి: వచ్చాడా, వచ్చిందా, వచ్చారా? పరీక్ష పేపర్లు దిద్దే టీచర్లకు తెలుసు, పిల్లలు ఆలోచించకుండా ఎటు తేలుస్తారో. డాక్టరు వచ్చాడు, నర్సు వచ్చింది. రైతు దున్నుతాడు, ఆరుగాలం శ్రమిస్తాడు. మన కోనసీమలో ఇక్కణ్ణుంచి గట్టు దిగి నాలుగడుగులు వేస్తే ఊడ్పుల రోజుల్లో బురదలో వరసగా వంగి ఉన్నదంతా ఆడవాళ్ళే. కలుపు తీసేదీ వాళ్ళే. సొంత చేలో చేసినా వాళ్ళు మన వ్యాసాల్లో రైతులు కారు, ఆడకూలీలు. రైతన్న అని పాడతాం, నేతన్న అని పథకాలకు పేర్లు పెడతాం. ఆ పక్కన రైతక్క అని ఒక్క మాట పుట్టలేదు.

ఇంకాస్త లోపలికి వెళదాం. ఒక పక్క "వాడు వచ్చాడు". రెండో పక్క: గేదె వచ్చింది, కరెంటు వచ్చింది, గోదారికి వరద వచ్చింది, కోడలు వచ్చింది. మగవాడికి విడిగా ఒక రూపం ఉంది, వాడు ఎంత పనికిమాలినవాడైనా సరే. ఆడమనిషికి, గేదెకు, కరెంటుకు కలిపి ఒకటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీనికి పేర్లు పెట్టి ఉన్నాయి. మహత్తు, అమహత్తు. ఆడవాళ్ళు, జంతువులు, జడపదార్థాలు పోగా మిగిలినవి మహత్తులు. అంటే మగవాళ్ళన్నమాట. సూరిగారిని తిట్టి లాభం లేదు. జనం నోట్లో ఉన్నదానికి ఆయన సూత్రం రాశారు. ఆ పేరు మహా ఘనంగా ఉందనేది వేరే విషయం.

మరి బహువచనానికి రండి. ముగ్గురు కోడళ్ళు వచ్చారు, మూడు గేదెలు వచ్చాయి. లెక్కే మారిపోయింది, క్రియా మారిపోయింది. ఒక్కతే ఉన్నంతసేపు గేదె జట్టులో ఉన్న ఆడది, ఇంకొకతె తోడు రాగానే మనిషైపోయింది! మన చుట్టపు భాషలు గోండీ, కొలామీల్లో బహువచనంలో కూడా ఈ ప్రమోషన్ లేదు. తమిళం, కన్నడాల్లో ఒక్క ఆడమనిషికి కూడా విడి రూపం ఉంది. మనది మధ్యరకం.

ఇక్కడ మీలో కొందరు, ముఖ్యంగా ఆవేశం ఉన్న కుర్రవాళ్ళు, "చూశారా, వ్యాకరణమే ఆడవాళ్ళను తొక్కేసింది" అంటారు. నేను ఒప్పుకోను. విడి రూపం ఉన్నంత మాత్రాన తమిళ కోడలికి మన కోడలి కంటే సుఖం ఎక్కువా? బెంగాలీలో అతనికీ ఆమెకూ ఒకటే సర్వనామం, క్రియలోనూ తేడా లేదు. సతి మంటలు ఎక్కువగా లేచింది ఆ గడ్డ మీదే. పారశీకంలోనూ అతనూ ఆమే ఒకటే. దాన్ని మాట్లాడే ఇరాన్‌లో ఆడవాళ్ళ పరిస్థితి మీరు పేపర్లో చదువుతూనే ఉన్నారు. ఏనాడో ఎవరూ కూర్చుని కుట్ర పన్నకుండానే కుదిరిపోయిన ప్రత్యయాన్ని బోనులో నిలబెట్టడం దండగ.

నేను బోనులో నిలబెట్టేది వేరేదాన్ని. భాష మనకు ఎంచుకునే వీలిచ్చిన చోట మనం ఏం ఎంచుకుంటున్నాం? మన తెలుగుకు ఒక వెసులుబాటు ఉంది. ఒక్క మనిషైనా సరే, గౌరవించదలిస్తే వచ్చారు అంటాం. గారు అనే మాటకు ఆడా మగా లేదు. అండి అనే మాటకూ లేదు. ఈ అండీలు, ఆయ్‌లు మన కోనసీమకు పెట్టింది పేరు. సినిమావాళ్ళు మనల్ని ఆటపట్టించేది వాటితోనే. ఆ సొత్తును మనం ఎవరికి పంచుతున్నామో చెవిపెట్టి వినండి. "మాస్టారు వచ్చారండి. వెనకాలే వాళ్ళావిడ వచ్చిందండి." రెండు వాక్యాల చివరా అండి ఉంది. అది ఎదుట వింటున్నవాడికి. మాస్టారికి బహువచనం దక్కింది. ఆవిడకు దక్కలేదు. ఆవిడ అన్నాం, అంతవరకు మర్యాదే, క్రియ దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోయింది. ఇంట్లో ఆవిడ ఈయన్ను "ఏమండీ" అంటారు. ఈయన ఆవిణ్ణి "ఏమేవ్" అంటారు. ముద్దుకు కూడా మగతనమే కావాలి మనకు. కూతుర్ని "ఏరా నాన్నా" అని దగ్గరకు తీసుకుంటాం. కొడుకును ముద్దుగా "ఏమే అమ్మా" అని పిలిచిన తండ్రిని చూపించండి, ఆయనకు ఒక శాలువా కప్పేస్తాను.

మన గడ్డ మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఇక్కడికి దగ్గరే లంకల గన్నవరం. మండపేటలో 1841లో పుట్టిన సీతమ్మ గారు డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి ఆ ఊరు వచ్చారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు, 1909లో కన్నుమూసేదాకా. ఇప్పుడు వైనతేయ మీద మన కొత్త అక్విడక్టు పేరు ఆవిడది. 2024 నుంచి రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనం పేరూ ఆవిడదే. ఈ చుట్టుపక్కల ఏ ఇంటికైనా వెళ్ళి అడగండి, ముసలివాళ్ళను, చిన్నవాళ్ళను. "సీతమ్మ గారు అన్నం పెట్టారు" అంటారు. పెట్టింది అన్నవాణ్ణి నేను ఇంతవరకు వినలేదు. మంచిదే. మరి ఆవిడ పేరు పెట్టిన ఆ పథకంలోనే పొద్దున్నే వచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలందరికీ వండి వార్చే మనిషిని బళ్ళో ఏమంటున్నాం? "వంటావిడ వచ్చిందా? పప్పు పెట్టిందా?" బహువచనం కోసం సీతమ్మ గారు జీవితకాలం అన్నదానం చెయ్యవలసి వచ్చింది. మనలో చాలామంది మగవాళ్ళకు అది మీసంతో పాటే వచ్చేసింది.

ఇంకో రెండు మూడు మాటలు. "మా అమ్మాయిని రాజోలు ఇచ్చాం." "పెద్దదాన్ని కొత్తపేట ఇచ్చాం." కోనసీమలో పెళ్ళి కబురు చెప్పే తీరే ఇది. కొడుకును ఎవరికీ ఇవ్వం, కొడుక్కి చేసుకుంటాం. ఇవ్వడం అంటే ఏమిటో రాజోలు వెళ్ళిన పిల్లకు బాగా తెలుస్తుంది.

తరువాత వెధవ అనే మాట. మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు, మనవణ్ణి ముద్దుచేస్తూ కూడా అంటాం. అది విధవే. మొగుడు పోయిన ఆడమనిషి దుఃఖం మనకు తిట్టుగా పనికొచ్చింది. పెళ్ళాం పోయిన మగవాడికి విధురుడు అనే మాట ఉంది, దాంతో ఎవరినైనా తిట్టారా? ముత్తైదువకు మగమాట లేదు, గొడ్రాలికీ లేదు. మాట లేనిచోట అసలు ఆ లెక్కే ఎవరూ అడగరు, మగవాళ్ళ అదృష్టం అది. మన ఆడవాళ్ళను మెచ్చుకోవడానికి పూనుకున్న భండారు అచ్చమాంబ గారి 1901 నాటి గొప్ప పుస్తకానికి కూడా పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. లోపలంతా బలవంతులైన స్త్రీల చరిత్రలు, అట్ట మీద అబల! అప్పటి భాషలో ఆవిడకు దొరికిన మాట అది.

కొత్త మాటలు తయారు చెయ్యమంటారా అని నిర్వాహకులు ముందే అడిగారు. వద్దంటాను. ఇంగ్లీషుకు ఆ మందు పనిచేసింది, ఎందుకంటే అక్కడ జబ్బు నామవాచకాల్లో, సర్వనామాల్లో ఉంది. ఛైర్మన్ పోతే కొంత పోయినట్టే. మనకు జబ్బు క్రియ చివర ఉంది, మందు కూడా అక్కడే ఉంది. పైగా మనం ఎరువు తెచ్చుకున్న మాటలు మంచివే. 1999లో కావలి ప్రతిభా భారతి గారు శాసనసభకు స్పీకరు అయితే సభాపతి అనే మాటకు ఇబ్బంది వచ్చిందిగానీ స్పీకరుకు రాలేదు. సర్పంచి, కలెక్టరు, డాక్టరు, వీటికి అమ్మ తగిలించి కలెక్టరమ్మ, డాక్టరమ్మ అనడం మన సరదా. గారు తగిలిస్తే సరిపోతుంది. సర్పంచి గారు వచ్చారు అంటే నిజంగా ఆవిడే రావాలి, ఆవిడ మొగుడు కాదు. ఆ సంగతి భాష బాగు చేసేది కాదు, మీరే చెయ్యాలి.

చివరగా శుభలేఖల సంగతి. వరుడి పేరు ముందు చి., వధువు పేరు ముందు చి.ల.సౌ. లక్ష్మీ సౌభాగ్యవతి అన్నమాట. సౌభాగ్యం అంటే మొగుడు బతికుండటం. పెళ్ళి ఇంకా కాలేదు, ఆ పిల్లకు అప్పుడే షరతు పెట్టేశాం. మాఘమాసం రాగానే అమలాపురం ప్రెస్సుల్లో ఊపిరాడదు, పాత శుభలేఖ తీసి పేర్లు మార్చి అచ్చొత్తేస్తారు. మీ ఇంట్లో పెళ్ళికి ఇద్దరికీ చి. చాలని రాసివ్వండి. ప్రెస్సువాళ్ళకు అక్షరాలు మిగులుతాయి, వాళ్ళేమీ అనరు. అనేది పెద్దలు. ఏ బాబాయిగారో గొడవ పడితే నాకు కబురు చెయ్యండి, పెళ్ళి భోజనం ఉంటుంది కాబట్టి తప్పకుండా వస్తాను. ఆయనతో తీరిగ్గా వాదించుకుంటాను.