గెలిచినోళ్ల మీదనే జరిమానా: హైతీ చెప్పే పాఠం

(యువ పాత్రికేయుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచాన్ని మలుపు తిప్పిన విప్లవాలు ఏవని అడిగితే మనం గడగడ చెప్తం. 1776 అమెరికా, 1789 ఫ్రాన్సు, 1917 రష్యా, 1949 చైనా. మరి 1804 ఏందంటే తడుముకుంటం. ఆ ఏడాది జనవరి 1న బానిసలు తమ యజమానుల సైన్యాన్ని ఓడించి సొంత దేశాన్ని ప్రకటించుకున్నరు. ఆ దేశం హైతీ. బానిసల తిరుగుబాట్లు చరిత్రలో చాలా జరిగినయి. గెలిచి, ఒక స్వతంత్ర దేశాన్నే నిలబెట్టింది మాత్రం ఇదొక్కటే. అయినా మనం చదువుకున్న చరిత్రలో దానికి చోటు దొరకలేదు. ఎందుకు దొరకలేదన్నదే ఇయ్యాల నేను మాట్లాడదలచుకున్న విషయం.

మొదలు ఆ నేల సంగతి. కరీబియన్ సముద్రంలోని ఒక దీవిలో పడమటి భాగం అది. అప్పటి పేరు సాన్ డొమాంగ్. ఫ్రాన్సుకు బంగారు గుడ్లు పెట్టే బాతు. 1780 దశకంలో యూరప్ తినే చక్కెరలో దాదాపు 40 శాతం, తాగే కాఫీలో సగానికి పైగా అక్కడినుంచే పోయేది. పండించేది దాదాపు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసలు. వాళ్ల మీద పెత్తనం చేసేది 30, 40 వేల మంది తెల్లవాళ్లు. చెరుకు తోటల్లో పుట్టేవాళ్ల కన్నా చచ్చేవాళ్లే ఎక్కువ. ఉన్న మనిషిని తిండి పెట్టి బతికించుకునుడు కన్నా కొత్త మనిషిని కొనుడే చవక అని యజమానుల లెక్క. అందుకే ఓడలు వస్తనే ఉన్నయి, మనుషులను దింపుతనే ఉన్నయి.

1789లో పారిస్‌లో మానవ హక్కుల ప్రకటన వచ్చింది. మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుడతరని అందులో రాసుకున్నరు. తోటల యజమానులు ఆ హక్కులు తమకే అనుకున్నరు. బానిసలు 'మనుషులంతా' అన్న మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నరు. 1791 ఆగస్టు 22 రాత్రి ఉత్తర మైదానంలో చెరుకు తోటలు అంటుకున్నయి.

బానిసగా పుట్టి, తోటలో గుర్రాలు, పశువులు చూసుకున్న తూసాన్ లూవెర్‌ట్యూర్ ఆ తిరుగుబాటును సైన్యంగా మలిచిండు. సందు చూసి 1793లో దిగిన బ్రిటన్ సేనలు వేల మందిని పోగొట్టుకుని 1798లో వెనక్కి పోయినయి. మధ్యలో 1794 ఫిబ్రవరి 4న ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. చరిత్ర పుస్తకాలు దీన్ని ఫ్రాన్సు ఇచ్చిన వరంగా రాస్తయి. కానీ అంతకు ముందు ఏడాదే ఆ దీవిలోని ఫ్రెంచి అధికారులు తిరుగుబాటుకు తట్టుకోలేక అక్కడ రద్దు ప్రకటించిండ్రు. పారిస్ దాని మీద ముద్ర వేసింది. మరి అది ఇచ్చిన హక్కా, గుంజుకున్న హక్కా? మీరే చెప్పాలె.

నెపోలియన్ వచ్చిండు. 1801 చివర్లో తన బావమరిది లెక్లెర్క్‌ను పెద్ద నౌకాదళంతో పంపిండు. మాట్లాడుకుందాం రమ్మని పిలిచి తూసాన్‌ను పట్టుకున్నరు. ఓడెక్కించి ఫ్రాన్సు కొండల్లోని చలి జైల్లో పెట్టిండ్రు. 1803 ఏప్రిల్ 7న ఆయన అక్కడనే కన్నుమూసిండు. నాయకుడు పోతే ఉద్యమం పోతదనుకున్నరు. పోలేదు. గ్వాడెలూప్ దీవిలో బానిసత్వం మళ్లీ తెచ్చిండ్రన్న వార్త వచ్చేసరికి అందరూ ఒక్కటైండ్రు. డెస్సాలిన్ ముందు నడిచిండు. పచ్చజ్వరం లెక్లెర్క్‌ను, ఫ్రెంచి సిపాయిలను వేలుగా తిన్నది. 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర చివరి దెబ్బ తగిలింది.

ఈ ఓటమి ఒక ఖండం పటాన్నే మార్చింది. దీవి చేజారుతున్నదని తెలిసిన నెపోలియన్‌కు అమెరికా ఖండంలో పట్టు ఉంచుకునే పని లేకపోయింది. 1803లోనే లూసియానాను 8 కోట్ల ఫ్రాంకులకు, అంటే కోటిన్నర డాలర్లకు అమెరికాకు అమ్మేసిండు. అమెరికా విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. ఆ మేలు పొందిన అమెరికా మాత్రం హైతీని ఒక దేశంగా 1862 దాకా గుర్తించలేదు. తన తోటల్లోని బానిసలు ఆ పేరు వింటరేమోనని భయం.

హైతీ విప్లవంలో రక్తం పారలేదని నేను చెప్పను. 1804లో డెస్సాలిన్ ఆజ్ఞతో మిగిలిన ఫ్రెంచి వాళ్లను ఊచకోత కోసిండ్రు. దాచాల్సిన పని లేదు. కానీ ఆ కొద్ది నెలలను పదేపదే చెప్పి, అంతకు ముందటి వందేళ్ల బానిసత్వాన్ని మింగేసే రాతల పట్ల మాత్రం జాగ్రత్తగా ఉండాలె.

ఇప్పుడు అసలు దాచిన ఘట్టానికి వస్త. 1825. ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ ఏప్రిల్ 17న ఒక ఫర్మానా రాసిండు. మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తం, కానీ మా యజమానులు పోగొట్టుకున్న ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలె అని. ఆ ఆస్తిలో మనుషుల ధర కూడా ఉన్నది! ఫర్మానా వెంట 14 యుద్ధనౌకలు, 500 దాకా ఫిరంగులు వచ్చినయి. అధ్యక్షుడు బోయే సంతకం పెట్టిండు. పోల్చి చూడండి. అంత పెద్ద లూసియానా మొత్తం ధర 8 కోట్లు. చిన్న హైతీ తన సొంత మనుషుల కోసం కట్టాల్సింది 15 కోట్లు.

మొదటి కిస్తీకే పైసలు లేవు. పారిస్ బ్యాంకుల్లోనే 3 కోట్లు అప్పు చేసిండ్రు. కమీషన్లు పోను చేతికొచ్చింది 2.4 కోట్లు. అంటే జరిమానా వాళ్లకే, వడ్డీ వాళ్లకే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించిండ్రు. అయినా ఆ అప్పులు తీర్చేందుకు చేసిన అప్పుల చివరి బాకీ తీరేసరికి 1947 వచ్చింది. రైతు కాఫీ మీద పన్ను వేసి కట్టిన సొమ్ము అది. బడులు, రోడ్లు, దవాఖానాలు కావాల్సిన సొమ్ము అది. 1914లో అమెరికా నావికులు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం ఓడలో పట్టుకపోయిండ్రు. మరుసటేడు దేశాన్నే ఆక్రమించి 1934 దాకా కూర్చున్నరు. తర్వాత దువాలియేల కుటుంబం 1957 నుంచి 1986 దాకా సొంత జనాన్నే దోచింది. ఆ పాపం వాళ్లదే. కానీ ఖజానా అంతకు ముందే ఖాళీ అయిందన్నది మరువద్దు.

2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ లెక్క కట్టి, మా సొమ్ము దాదాపు 2,168 కోట్ల డాలర్లు వాపస్ ఇయ్యాలని ఫ్రాన్సును అడిగిండు. 2004 ఫిబ్రవరి 29న ఆయన పదవి పోయింది, అమెరికా విమానంలో దేశం దాటిండు. తర్వాతి ప్రభుత్వం ఆ డిమాండును పక్కన పెట్టింది. ఫర్మానాకు 200 ఏళ్లు నిండిన 2025 ఏప్రిల్ 17న ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ చరిత్రకారుల ఉమ్మడి కమిషన్ వేస్తున్నట్టు ప్రకటించిండు. పైసల మాట మాత్రం ఎత్తలేదు.

మిత్రులారా, హైతీ పేరు పత్రికల్లో వచ్చినప్పుడల్లా 'పేద దేశం' అన్న తోక తగిలించి రాస్తరు. పేదరికాన్ని దాని స్వభావం లెక్క చూపిస్తరు. బాకీ పుస్తకం మాత్రం ఎవరూ తెరువరు. యుద్ధంలో ఓడినోళ్లు గెలిచినోళ్ల మీద జరిమానా వేసి వసూలు చేసుకున్న కథ అది. అది తెలిస్తే సానుభూతి పోయి ప్రశ్న పుడతది. అందుకే దాన్ని దాచిండ్రు.

కలం పట్టినోళ్లం మనం. ఏ ప్రాంతాన్నైనా, ఏ జనాన్నైనా 'వెనుకబడిన' అని రాసే ముందు ఒక్క మాట అడగాలె. వాళ్లు వెనుకబడిండ్రా, ఎవరన్న వెనక్కి గుంజిండ్రా? గుంజితే ఎంత గుంజిండ్రు, ఏ కాగితం మీద సంతకం పెట్టించిండ్రు? ఆ కాగితం వెతుకుడే మన పని.