రాయనని మొండికేసే పిల్లల చేత రాయించడం ఎలా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

వారమంతా పనిచేసి, దొరికిన ఒక్క సెలవురోజూ ఇక్కడికొచ్చి కూర్చున్నారు. కాబట్టి సూటిగా విషయానికొస్తాను.

"మావాడు తెలుగు గడగడా మాట్లాడతాడండీ, రాయమంటే మాత్రం కదలడు." తల్లిదండ్రులు తరచూ చెప్పే మాట ఇది. అమెరికాలో తెలుగు బడులకు కొదవ లేదు. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి ఉంది, తానా పాఠశాల ఉంది, గుళ్లలో, ఇళ్లలో నడిచే తరగతులున్నాయి. అయినా అక్షరాలన్నీ వచ్చిన పిల్లలు కూడా నాలుగు వాక్యాలు రాయమంటే తల దించుకుంటారు. చాలాసార్లు అది బద్ధకం కాదు, భయం. ఒత్తు తప్పితే ఎర్ర గీత, దీర్ఘం తప్పితే ఎర్ర గీత. పేజీ నిండా గీతలు చూసిన పిల్లవాడికి మళ్లీ పెన్ను పట్టబుద్ధి కాదు.

పైగా మనమిచ్చే అంశమేమిటి? "సంక్రాంతి గురించి వ్యాసం రాయి." న్యూజెర్సీలో పెరిగే పిల్లకి జనవరిలో కనిపించేది మంచు, హరిదాసు కాదు. చూడనిది ఎలా రాస్తుంది? లంచ్ బాక్సులో పులిహోర చూసి స్నేహితులు ఏమన్నారో అడగండి. మాటలు అవే వస్తాయి.

ముందు చెప్పించండి. చెప్పింది మీరు రాసిపెట్టి, దాన్ని చూసి రాయమనండి. తెలుగు మాట తట్టకపోతే ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. ఇంట్లో మాట్లాడే యాసలో రాస్తే తప్పు పట్టొద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసమే కదా పోరాడారు! ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

దిద్దేటప్పుడు వారానికి ఒక్క రకం తప్పే చూడండి. ఈ వారం ఒత్తులు, పై వారం దీర్ఘాలు.

రాసింది చదివే మనిషి ఉండాలి. ఊళ్లో ఉన్న అమ్మమ్మకి వాట్సాప్‌లో ఫొటో పంపండి. ఆవిడ జవాబు కూడా కాగితం మీద రాసి పంపితే, మనవడు కూడబలుక్కుని చదువుతాడు, మళ్లీ రాస్తాడు.

ఇంకో మాట. 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే టీచర్ల కోసం ఒక రైటింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. రాత నేర్పేవాళ్లు తామూ రాయాలన్నది దాని మూల సూత్రం. మనకూ అదే వర్తిస్తుంది. మనలో చాలామంది పిల్లలు పడుకున్నాక ఇంటికొస్తాం, వాళ్లు లేవకముందే వెళ్లిపోతాం. రోజుల తరబడి మాటే ఉండదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. రెండు వాక్యాలు మీరు రాయండి, ఒక ప్రశ్న అడగండి. మర్నాటికి జవాబు ఒక్క ముక్కే ఉన్నా సరే, దిద్దకండి. ఇంకో ప్రశ్న రాయండి.

సెలవు.